చిప్పు మనదైన చాలునా?

2025-వ సంవత్సరము సెప్టెంబరు 2వ తేదీన ఢిల్లీలో జరిగిన సెమికాన్ ఇండియా సభలో 'విక్రమ్' అను 32 బిట్ల ప్రాసెసరు ప్రధానమంత్రికి సమర్పింపబడినది. తిరువనంతపురములోని విక్రమ్ సారాభాయి అంతరిక్ష కేంద్రమువారు దానిని రూపొందించిరి; మొహాలీలోని సెమికండక్టర్ లేబరేటరీవారు నిర్మించిరి. అంతకు ముందు మాసముననే మన ఆంధ్రప్రదేశమున చిప్పులను పొదుగు కర్మాగార మొకదానికి కేంద్ర మంత్రివర్గ మామోదము తెలిపినది. ఆ సంవత్సరాంతమున సీ-డాక్ సంస్థవారు 'ధ్రువ్64' అను 64 బిట్ల ప్రాసెసరును ప్రకటించిరి. ఈ వార్తలను జదివి దేశీయులెల్లరు సంతసించిరి; మేమును సంతసించితిమి. అయినను ఈ సంతోషములో నొక ప్రశ్న మరుగుపడుచున్నది. చిప్పు మనదైన చాలునా? దానిచే పని చేయించు కెర్నెలు దానిపైకి వచ్చినదా? వచ్చిన పిమ్మట నిలుచునా? ఈ ప్రశ్నకు దృఢమైన సమాధానము లేనిచో మనము నిర్మించినది యంత్రము కాదు, మెరుగుపెట్టిన ఇసుకపలక మాత్రమే యగును.

కెర్నెలన గింజలోని పప్పని యర్థము. కంప్యూటరులో గాని చేతిఫోనులో గాని మనము చూచు బొమ్మలు, అక్షరములు, లెక్కలు పైపొరలు. లోపలనుండి ప్రాసెసరు కాలమును, జ్ఞాపకస్థలమును, తక్కిన పరికరములను ఆయా ప్రోగ్రాములకు పంచి యిచ్చునది కెర్నెలు. కృష్ణా పశ్చిమ డెల్టాలోని మన పాఠకులకు దీనిని వివరించుట కష్టము కాదు. కాలువ యొక్కటి, పొలములు పెక్కు. ఎవరికి వారు తూము తెరచుకొన్నచో ఎగువవారికి మురుగును, నగరము, రేపల్లె ప్రాంతములలోని శివారు రైతునకు ఎండుచేనును మిగులును. కావున లస్కరు వంతుల ప్రకారము తూములు తెరచి మూయుచుండును. గండి పడినదని కేక వినబడగానే చేతిలోని పని విడిచి అచ్చటికి పరుగెత్తును. కెర్నెలు చేయు పని యిదియే. అది సెకనులో వందలమారులు వంతులు మార్చుచు, ఎవరి హద్దు వారు దాటకుండ కావలి కాయుచు, ఏ పరికరము పిలిచినను పలుకుచుండును.

ప్రతి ప్రాసెసరునకు నొక ఆజ్ఞాభాష గలదు. ఇంటెలువారి భాష వేరు, ఆర్మ్ వారి భాష వేరు, రిస్క్-ఫైవ్ భాష వేరు. కూడుము, తీసివేయుము, తెచ్చి యిచ్చట నుంచుము అను ఆజ్ఞలు అన్నిటను నున్నవే; వానిని వ్రాయు సంకేతములు మాత్రము వేరు. అంతకన్న ముఖ్యముగ, గండికేక వంటి పిలుపు వచ్చినపుడు ఎచ్చటికి పోవలయును, జ్ఞాపకస్థలమునకు కావలి యెట్లు పెట్టవలయును అను మర్యాదలు వేరు. ఒక కాలువకు నలవడిన లస్కరును మరియొక కాలువకు మార్చినచో వంతుల న్యాయమును అతనికి క్రొత్తగా నేర్పనక్కరలేదు. అచ్చటి తూము లెట్లు తిరుగునో, కేక యెటునుండి వచ్చునో నేర్పిన చాలును. ఒక జాతి ప్రాసెసరునకై వ్రాసిన కెర్నెలును వేరు జాతి ప్రాసెసరుపైకి దెచ్చుటయు నిట్టిదే. దీనిని ఇంజనీర్లు పోర్టింగందురు. మేము తరలింపని వ్యవహరింతుము.

ఈ విద్య మిక్కిలి ప్రాచీనమైనది కాదు. 1970 ప్రాంతము వరకు కెర్నెలు సాధారణముగ తన యంత్రముతో పుట్టి, ఆ యంత్రముతోనే గతించుచుండెను. ప్రతి పంక్తియు ఆ యంత్రపు ఆజ్ఞాభాషలోనే వ్రాయబడుట యిందులకు కారణము. అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున కెన్ థాంప్సను, డెన్నిస్ రిచీ అనువారు నిర్మించిన యునిక్సు కూడ మొదట నిట్టిదే. 1973లో వారు దానిని సి అను భాషలో తిరిగి వ్రాసిరి. సి భాషలోని వాక్యమును ఏ యంత్రపు భాషలోనికైనను మార్చుటకు కంపైలరను అనువాదకుడుండును. 1977లో ఆస్ట్రేలియాలోని వులన్‌గాంగ్ విశ్వవిద్యాలయమున రిచర్డ్ మిల్లరు యునిక్సును ఇంటర్‌డేటా 7/32 అను వేరు జాతి యంత్రముపైకి దెచ్చెను. ఇంచుమించు ఆ కాలముననే రిచీయు స్టీఫెన్ జాన్సనును ఇంటర్‌డేటా 8/32 పైకి దెచ్చిరి. తరలింపు చేయువారిలో నొక కథ పరంపరగా వచ్చుచున్నది. రెండేసి అక్షరములను ఒక గదిలో నుంచునపుడు ఏది ముందు, ఏది వెనుక యనుటలో యంత్రములకు భేదము గలదు. అందుచే క్రొత్త యంత్రము మేల్కొనగనే తన పేరు చెప్పబోయి, 'యునిక్స్' అనుటకు మారుగా 'నక్సి' యని పలికెనట! నవ్వు వచ్చు కథయే గాని యిందులో నొక సత్యము గలదు. తాను సహజమనుకొన్నది వట్టి అలవాటేయని కెర్నెలు పరాయి యంత్రముపై నిలిచిన నాడే తెలిసికొనును.

సర్వసామాన్యమైన దానిని స్థానికమైన దానినుండి వేరు చేయుటయే తరలింపునకు మూలసూత్రము. ఈ సూత్రము మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. నగరమునకు దూరము కాని భట్టిప్రోలు స్తూపమున 1892లో అలెగ్జాండరు రీ వెలికితీసిన ధాతుకరండములపై ప్రాకృత శాసనములు గలవు. బ్యూలరు పండితుడు వానిని జదివి ప్రకటించెను. ఆ లిపి దేశమున విస్తారముగ వాడుకలో నుండిన బ్రాహ్మీ జాతిదే. అందు పెక్కక్షరములు అశోకుని శాసనములలోని వానిని బోలి యున్నవి. ఘ, జ, మ, ల మొదలగు కొన్నిటికి మాత్రము వేరు రూపములు గలవు. హల్లునకు ప్రత్యేకచిహ్న మున్నగాని అకారము పలుకని యేర్పాటొకటి గలదు. ఆ లేఖకులు తమకొక లిపి వలయునని అక్షరమాల నంతయు క్రొత్తగా గల్పింపలేదు. పరులది యున్నది గదా యని మార్పు లేకయు స్వీకరింపలేదు. అవసరమైన కొలది అక్షరములను మార్చి, తక్కినవానిని దేశముతో ఉమ్మడిగా నుంచుకొనిరి. కెర్నెలును తరలించు ఇంజనీరు నేడు చేయునదియు నింతియే.

ఆ మార్పు కొలదియైనను సులభము కాదు. మొదట క్రొత్త ఆజ్ఞాభాష నెరిగిన కంపైలరు సిద్ధము కావలయును. అది లేనిదే ఒక పంక్తియు ముందునకు సాగదు. విక్రమ్ చిప్పునకు స్వంత ఆజ్ఞాభాష యుండుటచే, అంతరిక్ష సంస్థవారు దానికి అడా భాషా కంపైలరు మొదలగు పనిముట్లను తామే నిర్మించుకొనవలసి వచ్చెను. పిమ్మట, విద్యుత్తు రాగానే యంత్రమును మేల్కొలిపి, జ్ఞాపకస్థల మెంత, పరికరములేవి యని తెలిసికొని, మొదటి పంక్తిని తెరపైకి దెచ్చుట. అటుపై వంతు మార్పిడి: ఒక ప్రోగ్రామును ఆపునపుడు అది చేతబట్టుకొన్న లెక్క నంతయు భద్రపరచి, తిరిగి దాని వంతు రాగానే పొల్లుపోక అప్పగింపవలయును.

తరువాతిది జ్ఞాపకస్థలపు అడంగలు. ప్రతి ప్రోగ్రామును తన భూమి మొదటి నంబరునుండి ఆరంభమగుచున్నదనియే భావించును. నిజముగ నా భూమి యెచ్చటనున్నదో తెలుపు చిట్టాను కెర్నెలు వ్రాసి యుంచును; ఆ చిట్టాను ప్రాసెసరు తన పద్ధతిలోనే చదువును. పద్ధతి మారిన చిట్టా యంతయు మారవలయును. అన్నిటికన్న కఠినమైనది, పెక్కు మెదళ్లు గల ప్రాసెసరులో ఒకరి వ్రాత నొకరు ఎప్పుడు చూతురను నియమము. ఒకే దస్త్రములో నిరువురు కరణములు వ్రాయునపుడు, ఒకడు మొదట వ్రాసినది రెండవవానికి తరువాత కనబడినచో భూమి యిరువురికి పట్టా యగును. మొదటి పనులలో తప్పు జరిగినచో యంత్రము మేల్కొనదు. తప్పు వెంటనే తెలియును. ఈ కడపటి పనిలోని తప్పు మాసముల తరబడి దాగియుండి, రద్దీ హెచ్చిన నాడు బయటపడును.

నేడు లోకమున మిక్కిలి వ్యాపించిన స్వేచ్ఛా కెర్నెలు లినక్సు. 1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దానిని ఇంటెలు 386 కొరకు వ్రాసి, ఇది వేరు యంత్రములకు తరలునది కాదని తానే ప్రకటించెను. 1994లో డిజిటల్ సంస్థవారి ఆల్ఫా యంత్రము ఆయన చేతికి వచ్చిన పిమ్మట ఆ మాట మారినది. 1995 మార్చిలో వెలువడిన 1.2 ప్రతిలో ఆల్ఫా, స్పార్క్, మిప్స్ జాతులకు చోటు కలిగెను. ఇప్పుడా గ్రంథము మూడు కోట్ల పంక్తులకు మించినది. అందు రిస్క్-ఫైవ్ జాతికే ప్రత్యేకించిన భాగము నూటికి ఒక వంతు కూడ లేదు. బాపట్ల జిల్లాలోని రైతు చేతి ఆండ్రాయిడు ఫోనులో నున్నది ఆర్మ్ ప్రాసెసరుపైకి తరలిన ఈ లినక్సు కెర్నెలే. పంట నమోదైనను, బ్యాంకు సొమ్మైనను, తెనాలి బజారులోని చెల్లింపైనను దాని చేతి మీదుగనే నడచుచున్నవి. కావున తరలింపు మనకు దూరపు విషయ మనుకొనుట పొరపాటు.

ఇక మన దేశపు చరిత్రను చూతము. 1967లో హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఏర్పడినది. దానికి ప్రాణము పోసిన అయ్యగారి సాంబశివరావుగారు పశ్చిమ గోదావరి ప్రాంతపు ఆంధ్రులు. ట్రాంబేలో 1969లో రూపొందిన టీడీసీ-12 కంప్యూటరును, దాని తరువాతివగు టీడీసీ-312, టీడీసీ-316 లను ఆ సంస్థ నిర్మించి, పరిశోధనాలయములకును విశ్వవిద్యాలయములకును ఇచ్చెను. ఆ యంత్రములకు వలయు సిస్టమ్ ప్రోగ్రాములను మనవారే వ్రాసిరి. అది సామాన్యమైన సాహసము కాదు. కాని ఆ వ్రాత ఆ యంత్రములకే కట్టుబడి యుండెను. 1980లలో మైక్రోప్రాసెసర్లు వచ్చి యంత్రములు మారిపోగా, మనవారి శ్రమ క్రొత్త యంత్రములకు తరలి రాలేదు. ఆ దశాబ్దపు రెండవ భాగమున మన బ్యాంకులకు కంప్యూటర్లు వచ్చినపుడు దేశీయ కంపెనీలు మోటరోలా జాతి ప్రాసెసర్లపై యునిక్సును నడిపించిరి. అనగా తరలింపు విద్యయు మనకు పట్టుబడినది. అయినను యునిక్సు అమెరికా సంస్థ లైసెన్సుకు లోబడినది. ఒకమారు యంత్రము మనదై వ్రాత నిలువలేదు. మరియొకమారు విద్య మనదై మూలగ్రంథము పరులదాయెను.

ఈ రెండు లోపములును తీరు మార్గ మిటీవల తెరచుకొన్నది. 2010లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున ఆరంభమైన రిస్క్-ఫైవ్ ఆజ్ఞాభాష కెవరును కప్పము కట్టనక్కరలేదు. మద్రాసు ఐ.ఐ.టి.లో ఆచార్య కామకోటిగారి నాయకత్వమున 'శక్తి' ప్రాసెసర్లను రూపొందించినవారు దానినే చేపట్టిరి. 2018 జనవరిలో వెలువడిన లినక్సు 4.15 ప్రతిలో రిస్క్-ఫైవునకు చోటు కలిగెను. ఆ సంవత్సరము జూలైలో శక్తి చిప్పుపై లినక్సు మేల్కొనెను. ఆ మొదటి చిప్పులను అమెరికాలో ఇంటెలువారి కర్మాగారమున పోతపోయించిరి. ఆ యేటనే మరియొక శక్తి చిప్పు మన సెమికండక్టర్ లేబరేటరీలో తయారైనది. భాష ఉమ్మడిది కావున కంపైలరును, తరలింపులో పెద్దభాగమును లోకమంతయు గలసి సిద్ధము చేసియుండెను. మనవారి శ్రమ తమ చిప్పు విశేషములకు సరిపోయినది. భట్టిప్రోలు లేఖకుల వివేక మిదియే గదా. 2022 ఏప్రిలులో కేంద్రప్రభుత్వము ప్రకటించిన 'డిర్-వి' ప్రణాళిక శక్తిని, సీ-డాక్ వారి వేగా ప్రాసెసర్లను ఈ మార్గముననే నడిపించుచున్నది.

అయితే తరలించుట యొక పని, నిలుపుట యొక పని. కాలువ త్రవ్విన నాటి ఉత్సవమునకు జనులందరును వత్తురు. ఏటేట పూడిక తీయు నాడు ఎవరును రారు. ఈ నిర్లక్ష్యమునకు ఫలమేమో పొరుగువారి యనుభవము చెప్పుచున్నది. చైనాలోని పెకింగ్ విశ్వవిద్యాలయమువారు యూనికోర్-32 అను స్వంత ఆజ్ఞాభాష గల ప్రాసెసరును నిర్మించి, లినక్సును దానిపైకి తరలించిరి. 2011లో వారి వ్రాతకు ఉమ్మడి గ్రంథమున చోటు దొరకినది. 2020లో దానిని తొలగించిరి. కారణ మేమన, చాలకాలముగ దానిని చూచుకొనువారు కనబడలేదు. దానికి వలయు కంపైలరు ఉమ్మడి ప్రతులలో లేదు. దొరకు చోట్లని చెప్పిన చిరునామాలును మృతములయ్యెను. 2018లో నొక్కమారుగనే ఎనిమిది జాతుల ప్రాసెసర్లకు గ్రంథమునుండి ఉద్వాసన కలిగెను. ఇంటెలువంటి సంపన్నుల ఇటానియమునకు సైతము 2024 జనవరిలో వెలువడిన ప్రతిలో చోటు లేకపోయెను.

ఆ చైనాయే పాఠము నేర్చుకొన్నది. లూంగ్‌సన్ సంస్థవారు లూంగ్‌ఆర్చ్ అను క్రొత్త ఆజ్ఞాభాషను చేపట్టినపుడు, 2022లో కంపైలరును ఉమ్మడి ప్రతిలో జేర్పించి, అదే సంవత్సరము లినక్సు 5.19లో కెర్నెలు తరలింపును జేర్పించి, చూచుకొనువారిని నిలిపిరి. మొదటివారికి లేక రెండవవారికి కలిగినది దేశాభిమానము కాదు. అది యిరువురికి నున్నదే. రెండవవారికి కలిగినది నిలుకడ.

ఉమ్మడి గ్రంథమే గదా, లోకులే చూచుకొందురు, మనకెందుకీ శ్రమ యని కొంద రనవచ్చును. వారికి మూడు సంగతులు జ్ఞాపకము చేయుచున్నాము. 2019 మే నెలలో అమెరికా ప్రభుత్వ నిషేధము వెలువడగనే ఆర్మ్ సంస్థ చైనా హువావేతో తన వ్యవహారమును కొంతకాలము నిలిపివేసెను. 2020లో రిస్క్-ఫైవు సంస్థ అట్టి చిక్కులకు దూరముగ నుండవలయునని స్విట్జర్లండునకు తరలిపోయెను. 2024 అక్టోబరులో అమెరికా ఆంక్షల చట్టముల మూలమున లినక్సు నిర్వాహకుల జాబితానుండి పలువురు రష్యనుల పేర్లు తొలగింపబడెను. గ్రంథమును జదువుటకును, వాడుకొనుటకును ఎవరికిని అడ్డు లేదు. కాని ద్వారమున కూర్చుండువారి పేర్లపై నొక దేశపు చట్టము చెల్లుచున్నది. ఉమ్మడి చెరువు గట్టుపై మనవారు పలువురు నిలిచి యున్నపుడే మన తూమునకు రక్షణ.

మరికొందరు దీనికి విరుద్ధముగ, పరుల పొత్తు మనకేల, కెర్నెలును కూడ మొదటినుండియు మనమే వ్రాసికొందమందురు. వారి యభిమానమును మేము గౌరవింతుము; వారి లెక్కను అంగీకరింపజాలము. రాకెట్టును నడుపు చిప్పునకు పరిమితమైన స్వంత వ్రాత తగును. కాని నానావిధ ప్రోగ్రాములను, పరికరములను నడుపవలసిన యంత్రములకు మూడు కోట్ల పంక్తులను తిరిగి వ్రాయుట స్వరాజ్యము కాదు, కాలక్షేపము. ఉమ్మడి గ్రంథమును చదువగలిగి, మార్చగలిగి, అవసరమైన నాడు మన ప్రతిని మనమే నడుపుకొనగలిగిన సామర్థ్యమే స్వరాజ్యము. ఆ సామర్థ్యము మనుష్యులలో నుండును, చిప్పులో నుండదు.

కావున ప్రభుత్వమువారికి మా సూచనలు రెండు. స్వదేశీ ప్రాసెసరు గల యంత్రములను ప్రజాధనముతో కొనునపుడు, ఆ చిప్పునకై కెర్నెలులో జేసిన మార్పులు ఉమ్మడి ప్రతిలో జేరినవా యని మొదట విచారింపవలయును. సుమారు తొమ్మిది పది వారముల కొక క్రొత్త కెర్నెలు వెలువడుచున్నది. తయారీదారు తన వద్ద నొక పాత ప్రతిని దాచుకొని దానికే అతుకులు వేసి యిచ్చినచో, రెండేండ్లలో ఆ యంత్రము దొంగలకు తెరచిన తలుపగును. రెండవది, చిప్పు నిర్మాణమునకు వెచ్చించు ధనములో కొంత భాగము ఆ చిప్పు కెర్నెలును చూచుకొనువారి జీతములకై స్థిరముగ కేటాయింపవలయును. ప్రణాళిక ముగియగానే ఇంటికి పంపివేయు తాత్కాలికోద్యోగులతో ఈ పని సాగదు. లస్కరు లేని కాలువ యెన్నాళ్లు పారును?

మూడవ మాట ప్రభుత్వమునకు గాదు, మన పాఠకులకు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల భూస్వాములును, పట్టణవాసులును తమ పిల్లల ఇంజనీరింగు చదువునకై ధారాళముగ వ్యయము చేయుచున్నారు; కొందరు పొలములను సైతము అమ్ముచున్నారు. ఆ చదువులో కెర్నెలు పేరు పరీక్షకు వచ్చు ప్రశ్నగా మాత్రమే మిగిలిన నేమి ప్రయోజనము? ఈ విద్య నభ్యసించుటకు కోట్ల విలువగల ప్రయోగశాల యక్కరలేదు. క్యూఎము అను ఉచిత ప్రోగ్రాము సాధారణ కంప్యూటరులోనే రిస్క్-ఫైవ్ యంత్రము నభినయించి చూపును. విద్యార్థి చిప్పు లేకయే కెర్నెలును మేల్కొలుపవచ్చును, చెడగొట్టవచ్చును, తిరిగి బాగుచేయవచ్చును. తాను కనుగొన్న చిన్న దోషమునకు సవరణ వ్రాసి ఉమ్మడి గ్రంథమునకు పంపినచో, అది గుణము వలననే పరీక్షింపబడును. పంపినవాని ఊరు నగరమా, న్యూయార్కా యని పరీక్షకు డడుగడు. మీ పిల్లలు చదువు కళాశాలలో నిట్టి యభ్యాసము జరుగుచున్నదా యని మీరు అడుగవలయును. అడిగినవారు పలువురైన నాడు జరుగకపోదు.

చిప్పు నిర్మించినవారిని సన్మానించుట యుక్తమే. కాని ఆ సన్మాన సభలలో, ఈ చిప్పుపై నడచు కెర్నెలును పదియేండ్ల తరువాత ఎవరు చూచుకొందురని యడుగు గొంతుక యొకటి యుండవలయును. ఆ ప్రశ్నకు పేర్లతో సహా సమాధానము చెప్పగలిగిన నాడే, చిప్పు మనదని మనము ధైర్యముగ ననగలము.